ప్రపంచం దగ్గరైంది, పంక్తి దగ్గరైందా?



“ప్రపంచీకరణ” అన్న మాట మన పల్నాటి ఇళ్ళలోకి 1991 తర్వాత వచ్చింది. ఆ ఏడు కేంద్ర ప్రభుత్వం ఆర్థిక విధానాన్ని మార్చింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. ఆ వెనుక కేబుల్ టీవీ, సెల్‌ఫోను, బీటీ పత్తి గింజ, అమెరికా వీసా ఒకదాని వెంట ఒకటి మన గడప దాటాయి. అప్పటినుంచి మన గుళ్ళలోనూ సభల్లోనూ దీని గురించి రెండు రకాల ప్రసంగాలు వింటున్నాం. ఇది బయటినుంచి వచ్చిపడిన ముప్పు, భక్తినీ కుటుంబాన్నీ పాడుచేస్తున్నదని కొందరంటారు. ఇది దేవుడిచ్చిన వరం, సువిశేషం క్షణంలో లోకం చుట్టివస్తున్నదని మరికొందరంటారు. ఈ ఇద్దరూ ఒక సంగతి మరచిపోతున్నారు. మతం ఒక ఒడ్డున, ప్రపంచీకరణ ఎదుటి ఒడ్డున నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్లు మాట్లాడతారు. నిజానికి ఆ రెండూ మొదటినుంచీ ఒకే పడవలో ప్రయాణం చేశాయి.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. మాచర్ల నుంచి విజయపురి వెళ్ళే దారి మీకు తెలిసినదే. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని ఆ లోయలోనే ఉండేది. సాగర్ నీళ్ళలో మునగకముందు, 1954 నుంచి 1960 వరకు, పురావస్తు శాఖవారు అక్కడ త్రవ్వకాలు జరిపారు. రోము చక్రవర్తుల నాణేలు మన మట్టిలో దొరికాయి. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళం నుంచి వచ్చిన బౌద్ధాచార్యుల ప్రస్తావన ఉంది. ఆ సంప్రదాయంవారు ధర్మబోధ చేసిన దేశాలుగా కాశ్మీరం, గాంధారం, చీనా వంటి పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళ క్రితం మాచర్ల ప్రాంతపు ఒక స్త్రీకి చీనా దేశం పేరు తెలుసు, తన దానానికీ ఆ దేశానికీ సంబంధం ఉందని ఆమె నమ్మింది! రాజులు వైదిక యాగాలు చేస్తుంటే రాణివాసపు స్త్రీలు బౌద్ధ విహారాలు కట్టించిన కాలమది. తరువాత ఆ విహారాలు ఖాళీ అయ్యాయి. సముద్ర వాణిజ్యం సన్నగిల్లడం అందుకొక కారణమని చరిత్రకారులంటారు. వర్తకంతో వచ్చిన వైభవం వర్తకంతోనే వెళ్ళిపోయిందన్నమాట. ఈ సంగతిని కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఇక మన సంగతి. మన పొలాల్లో పండే మిరప ఈ దేశపు పంట కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి చేరింది. అవే ఓడల మీద ఆ దేశపు గురువులూ దిగారు. మేస్త్రి, బొత్తాము, ఇస్త్రీ, అలమార, పాదిరి – ఈ మాటలన్నీ ఆ భాషనుంచి వచ్చి తెలుగులో కలిసినవే. ఈ రోజు మిరపకాయను పరాయిదనే తెలుగువాడు ఎక్కడైనా ఉన్నాడా? గుంటూరు పేరు చెబితేనే దాని ఘాటు గుర్తొస్తుంది. పాదిరిని మాత్రం “విదేశీ మతం” అంటారు. ఒకే ఓడ దిగిన ఇద్దరికి రెండు న్యాయాలు! సరే, అది వేరే చర్చ.

18వ శతాబ్దంలో కర్ణాటక మిషన్ అనే పేరుతో ఫ్రెంచి యేసుసభ గురువులు తెలుగు దేశపు దక్షిణ భాగంలో పనిచేశారు. వారు సన్యాసుల వేషం ధరించి, మాంసం మానివేసి, తెలుగు నేర్చుకొని బోధించారు. అక్కడ జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు ఉత్తరానికి తరలివచ్చి మన ప్రాంతంలో స్థిరపడ్డాయి. 1773లో యేసుసభ రద్దయినప్పుడు ఇక్కడివారికి గురువులు కరవయ్యారు. ఐరోపాలో రాజులు పెట్టిన ఒత్తిడికి రోములో ఒక సంతకం పడితే, ఇక్కడ తెలుగు పల్లెల్లో దివ్యపూజ లేకుండా పోయింది. ప్రపంచీకరణ అంటే అదే గదా! ఎవరో ఎక్కడో తీసుకున్న నిర్ణయం మన వాకిట్లో పడడం. అయినా ఇళ్ళలో జపమాల ఆగలేదు. తరువాత ఇంగ్లండు నుంచి మిల్‌హిల్ గురువులు వచ్చారు. 1904లో నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. కన్యస్త్రీలు గుంటూరు చేరారు. మన లూథరన్ సోదరుల కథా ఇలాంటిదే. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హయ్యర్‌గారు 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాలలో మిషన్ స్థాపించారు. గురజాల ఎక్కడ, పెన్సిల్వేనియా ఎక్కడ!

అయితే ఇదంతా ఒకవైపు రాకడ మాత్రమే కాదు. వచ్చినదాన్ని మనవాళ్ళు ఉన్నదున్నట్లు ఉంచలేదు. గుణదల సంగతి చూడండి. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గ్రామంలో జరిగిన దర్శనాలకు గుర్తుగా, 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు బెజవాడ దగ్గర కొండపై మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 11 తిరునాళ్ళకు మన పల్నాటి కుటుంబాలు లక్షల మందిలో కలిసి వెళ్ళి తలనీలాలిస్తాయి, కొబ్బరికాయలు సమర్పిస్తాయి, కొండ మెట్లెక్కుతాయి. లూర్దులో ఎవరూ గుండు చేయించుకోరు. ఇటలీ గురువు కొబ్బరికాయ సంగతి తలచి ఉండడు. దేవమాత మాత్రం ఆ కొండ మీద తెలుగింటి అమ్మలా కూర్చుంది.

ఇలాంటి అనుభవాలు లోకమంతటా పేరుకున్నాయి గనుకనే, రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చన పత్రాన్ని వెలువరించి ప్రజల భాషలకు తలుపు తీసింది. ఈ దేశంలో పూజలో హారతి, నేలపై కూర్చోవడం వంటి పన్నెండు అంశాలకు 1969లో రోము అనుమతి లభించింది. అంటే పల్నాడు రోమును మార్చకపోయినా, పల్నాడు వంటి వేల ప్రాంతాలు కలిసి రోమును మార్చాయి. ఇప్పుడు ఆ ప్రయాణం తిరుగుముఖం కూడా పట్టింది. ఒకప్పుడు మనకు గురువులను పంపిన దేశాల్లో పూజ చేయడానికి ఇప్పుడు తెలుగు గురువులు వెళ్తున్నారు. 2025 మే నెలలో పోపు లియోగారి ఎన్నికలో ఓటు వేసిన కార్డినల్స్‌లో తెలుగువారైన పూల ఆంథోనిగారు ఒకరు. లియోగారేమో అమెరికాలో పుట్టి పెరూలో ప్రేషితసేవ చేసినవారు. మన హిందూ సోదరులు కూడా 1970లలోనే పిట్స్‌బర్గులో వేంకటేశ్వరుని ఆలయం కట్టుకున్నారు. దేవుళ్ళూ భక్తులూ కలిసి విమానాలెక్కిన కాలమిది.

ఇంతవరకు చరిత్ర. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మతం కూడా లోకమంతటినీ ఒకటి చేస్తానంటుంది, మార్కెటు కూడా అదే మాట అంటుంది. ఈ రెండు “ఒకటి”లూ ఒకటేనా?

మన పేరులోనే ఈ ప్రశ్న ఉంది. “కతోలిక” అనే గ్రీకు మాటకు “మొత్తాన్ని బట్టి, సంపూర్ణంగా” అని అర్థం. 2వ శతాబ్దపు తొలినాళ్ళలో అంతియోకు మేత్రాణులు పునీత ఇగ్నేషియస్‌గారు శ్రీసభకు ఈ విశేషణాన్ని వాడారు. అప్పటికి శ్రీసభ ఎంత? కొన్ని పట్టణాల్లో, కొన్ని ఇళ్ళల్లో గుప్పెడు మంది. లోకమంతా వ్యాపించలేదు. అయినా ఆ గుప్పెడు మందిని “సంపూర్ణం” అన్నారంటే, ఆ మాట విస్తీర్ణం గురించి కాదని తేలుతుంది. ఒక ఇంట్లో రొట్టె విరిచే చోట ఎవరినీ వెలివేయకపోతే ఆ ఇల్లు కతోలికం. లోకమంతా శాఖలున్నా ఒకరిని గడప బయట నిలబెడితే ఆ మేరకు అది కతోలికం కాదు.

మా గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు “సామాన్యం, విశేషం” అనే పాఠం ఉండేది. పునీత తోమాసు అక్వీనాసుగారు అరిస్టాటిల్‌ను అనుసరించి చెప్పినదాని సారం ఇది: మనిషితనం అనేది విడిగా ఎక్కడా నడవదు. ఈ కోటయ్యలోనో ఆ మరియమ్మలోనో మాత్రమే అది ఉంటుంది. వాళ్ళను పక్కకు నెట్టి “మానవజాతిని” ప్రేమిస్తానంటే, ప్రేమించడానికి అక్కడ ఎవరూ మిగలరు. అప్పట్లో ఇది పరీక్ష కోసం బట్టీపట్టే పాఠంలా ఉండేది. గుంటూరు మిర్చి యార్డు చూశాక గాని దాని అర్థం పూర్తిగా తెలియదు.

మార్కెటు అందరినీ కలిపే విధానం తీసివేత. రెంటచింతల ఎండలో కాయ కోసిన కూలి తల్లి, అప్పు తెచ్చి మందు కొట్టిన కౌలు రైతు, వాళ్ళ పిల్లల ఫీజులు అన్నీ తీసివేయగా క్వింటాలు మిగులుతుంది. క్వింటాలుకు పేరు లేదు, ఊరు లేదు. కనుకనే అది చైనా వెళ్ళగలదు, బంగ్లాదేశ్ వెళ్ళగలదు. మంచి ఏళ్ళలో క్వింటాలు 20,000 దాటిన ధర 2025 ఫిబ్రవరికి ఎంతగా కూలిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కేంద్రం జోక్యం చేసుకొని 11,781 రూపాయలను ఆధార ధరగా ప్రకటించవలసి వచ్చింది. అక్కడెక్కడో కొనుగోలు తగ్గితే ఇక్కడ ఒక అమ్మాయి పెళ్ళి ఆగిపోతుంది. కొన్నవాడు దుర్మార్గుడని కాదు. అతనికి ఆ అమ్మాయి కనపడదు, అంతే. పోపు రెండవ యోహాను పౌలుగారు 2001లో ప్రపంచీకరణ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, మనుషులు చేసుకున్నదాన్నిబట్టి ఉంటుందన్న భావాన్ని చెప్పారు. పోపు 16వ బెనెడిక్టుగారు 2009లో, అది మనల్ని ఇరుగుపొరుగులుగా చేస్తుందే గాని సోదరులుగా చేయదన్నారు. పోపు ఫ్రాన్సిస్‌గారు 2013లో ఒక పోలిక తెచ్చారు. గోళంలో ప్రతి బిందువూ ఒకటే, తేడా కనపడదు. పలు ముఖాలున్న ఘనాకారంలో ప్రతి ముఖమూ తన రూపాన్ని నిలుపుకుంటూనే మొత్తంలో భాగమవుతుంది. ఆయనకు రెండోదే నచ్చింది.

విశ్వాసం అందరినీ కలిపే విధానం కూడిక కావాలి. ఎవరి పేరూ చెరపకుండా పక్కపక్కన కూర్చోబెట్టడం. ఈ మాట చెప్పడానికి పల్నాటివాడు రోము దాకా పోనక్కరలేదు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు మాచర్లలో చెన్నకేశవస్వామి సన్నిధిని కొలుస్తూ, అన్ని కులాలవారినీ ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని మన వీరగాథ చెబుతున్నది. మాల కులంలో పుట్టిన కన్నమదాసు ఆయనకు సేనాని. అది కూడా దిగుమతి అయిన ఆలోచనే సుమా! తమిళ దేశపు వైష్ణవ భక్తి గాలి అందులో ఉన్నదని పండితులంటారు. బయటినుంచి వచ్చిన ఆ గాలిని ఇక్కడ ఒక చాపగా నేశారు. కారెంపూడి యుద్ధంలో వీరులు పోయారు, రాజ్యాలు పోయాయి. చాపకూడు మాట పోలేదు. నాగార్జునకొండ విహారాల సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆ రాతి విహారాలకంటే ఈ చాప ఎక్కువ కాలం జనం నోట బతికింది.

మన గ్రంథంలోనూ మొదటి పెద్ద తగవు భోజనం దగ్గరే. అంతియోకులో అన్యజాతి విశ్వాసులతో కలిసి తింటున్న పేతురుగారు, యెరూషలేము నుంచి కొందరు రాగానే మెల్లగా పంక్తి నుంచి లేచి పక్కకు జరిగారు. పౌలుగారు అందరి ఎదుట ఆయనను నిలదీశారు. మొదటి పోపుగారిని నిలదీసిన కారణం సిద్ధాంత గ్రంథం కాదు, విస్తరి. కొరింతులోనూ అంతే. ఉన్నవారు ముందే కడుపు నింపుకుంటే, లేనివారు ఆకలితో చూస్తూ కూర్చున్నారు. అది ప్రభువు విందు కానే కాదని పౌలుగారు తేల్చారు.

ఇప్పుడు మన విస్తళ్ళు చూసుకుందాం. 2016 డిసెంబరులో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రం విడుదల చేస్తూ, శ్రీసభ లోపల కూడా అంటరానితనం, వివక్ష ఉన్నాయని ఒప్పుకొంది. 2022 ఆగస్టు 27న పూల ఆంథోనిగారు కార్డినల్ అయినప్పుడు, దళిత కుటుంబంలో పుట్టి ఆ పదవికి వచ్చిన మొదటివారని ప్రపంచమంతా రాసింది. మనమూ స్వీట్లు పంచుకున్నాం. మంచిదే. కానీ ఒకే విచారణలో ఊరికీ పల్లెకూ రెండు శ్మశానాలుంటే, తేరు ఒక వీధి దాకా వచ్చి మలుపు తిరిగితే, పండుగ భోజనాలు రెండు చోట్ల వండితే, రోములో ఒకరికి పెట్టిన ఎర్రటోపీ మన వీధిని ఎంత మార్చినట్లు?

చదువు, విదేశీ జీవితం ఇవన్నీ సర్దేస్తాయిలే అని కొందరి ఆశ. నాకు ఆ నమ్మకం లేదు. 2023 ఫిబ్రవరి 21న అమెరికాలోని సియాటిల్ నగర పాలక మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. కులం లేని దేశంలో కులానికి చట్టం ఎందుకు అవసరమైంది? మన పచ్చళ్ళతో పాటు అదీ సూట్‌కేసులో వెళ్ళింది గనుక. ప్రపంచీకరణ దూరపువారిని దగ్గర చేస్తుంది. దగ్గర ఉన్నవారిని దగ్గర చేసే శక్తి దానికి లేదు. డల్లాసులో ఉన్న కొడుకుతో ప్రతి రాత్రి వీడియోలో మాట్లాడే తండ్రి, సందు అవతల మరణం జరిగితే మర్నాడు గాని తెలుసుకోడు.

2020లో కరోనా రోజుల్లో ఫోను తెరపై దివ్యపూజ చూడక తప్పలేదు. ముసలివాళ్ళకు, మంచాన పడినవాళ్ళకు అది నేటికీ పెద్ద ఆదరణ. ఆరోగ్యంగా ఉండి కూడా ఆ అలవాటు వదలనివారున్నారు. ఏ దేశపు బోధకుణ్ణయినా వినవచ్చు, నచ్చకపోతే వేలితో పక్కకు తోసేయవచ్చు. తెరలో ఉన్న సదుపాయం ఏమిటంటే, పక్కన ఎవరు కూర్చున్నారో చూడనక్కరలేదు. దాని లోపమూ అదే.

ఇక్కడ చదువుకున్న పాఠకుడొకరు నన్ను ఆపి ఒక ప్రశ్న వేయవచ్చు. “ఫాదరుగారూ, స్థానిక ఆచారాన్ని గౌరవించాలని మీరే అన్నారు. కొబ్బరికాయను, తలనీలాలను మెచ్చుకున్నారు. మరి కులం కూడా ఇక్కడి ఆచారమే గదా! ఒకటి ఉంచి ఒకటి తీసేయడానికి మీకు కొలబద్ద ఏది?” ఇది తేలిక ప్రశ్న కాదు. పాత మిషనరీలు దీని దగ్గరే ఇరుక్కున్నారు. మధుర, కర్ణాటక మిషన్లలోని గురువులు స్థానిక మర్యాదలను గౌరవించే క్రమంలో కులాల ఎడాన్ని కూడా కొంతవరకు సహించారు. ఒక వర్గానికి సన్యాసి గురువులు, మరో వర్గానికి పండారం గురువులు అని వేరుచేసిన రోజులున్నాయి. ఆ ఆచారాల వివాదం దశాబ్దాలు నడిచి, 1744లో పోపు 14వ బెనెడిక్టుగారి తీర్పుతో ముగిసింది. ఆ గురువుల త్యాగం ముందు నేను తలవంచుతాను. వాళ్ళు లేకపోతే మనకు ఈ విశ్వాసం లేదు. అయినా వాళ్ళు చేసిన సర్దుబాటు ఫలితాన్ని మనం ఇంకా అనుభవిస్తున్నామని చెప్పక తప్పదు.

నాకు తోచిన కొలబద్ద చాప. ఒక ఆచారం చాపను ఇంకో మూర పొడిగిస్తే, అది ఏ దేశంనుంచి వచ్చినా, ఏ మతం దగ్గర నేర్చుకున్నా ఉంచుకోవచ్చు. కొబ్బరికాయ ఎవరినీ పంక్తినుంచి లేపదు. హారతి ఎవరినీ బయట నిలబెట్టదు. చాపను మధ్యకు చీల్చే ఆచారం ఎంత పాతదైనా, ఎంత “మనదైనా” దివ్యసత్ప్రసాదంతో పొసగదు. అదే కొలబద్ద విదేశాల నుంచి వచ్చేవాటికీ వర్తిస్తుంది. విరాళం వస్తే గుడికి పాలరాయి వేయడం తప్పు కాదు. ఆ పాలరాతిపై మొదటి వరుస ఎవరికి, దాత పేరు ఎంత పెద్ద అక్షరాల్లో అని తగవు మొదలైతే, ఆ డబ్బు చాపను కత్తిరించినట్లే. “నమ్మితే ధనం వస్తుంది, వీసా వస్తుంది” అని బోధించే వాక్యం కూడా ఈ కొలతకు నిలవదు. వీసా రానివాడు ఆ పంక్తిలో తనంతట తానే తలవంచుకొని వెనక్కి జరుగుతాడు.

నవంబరు 2 సమాధుల పండుగకు ఎప్పటిలాగే అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి పిల్లలు ఫోన్లు చేస్తారు. తాతగారి సమాధికి సున్నం వేయించమని, పూలదండ, కొవ్వొత్తులు పెట్టించమని డబ్బు పంపుతారు. ఆశీర్వాదం జరుగుతుంటే ఫోనులో చూపించమంటారు. రెండు శ్మశానాలున్న విచారణల్లో పెద్దలు ఈ మాట ముందుగా కూర్చొని మాట్లాడుకోవచ్చు: గుడి దగ్గర అందరూ కలిసి బయలుదేరి, ఒకే ఊరేగింపుగా, గురువుతో పాటు రెండు చోట్లకూ వెళ్ళగలమా? నేను పనిచేసిన ఊళ్ళలో ఆ రెంటి మధ్య దూరం ఎక్కువేమీ లేదు. అలా వెళ్తే ఒక అరగంట ఆలస్యమవుతుంది, కొవ్వొత్తులు ఇంకొన్ని కావలసివస్తాయి.